మజ్మువా అత్తరు: ఒక పచ్చి పూల పరిమళంలో దక్కన్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
1. పరిమళాన్ని చారిత్రక ఆధారంగా ఎంతవరకు ఉపయోగించుకోవచ్చో చెప్పగలుగుతారు.
2. మజ్మువా అత్తరులోని దినుసుల ద్వారా దక్కన్‌కు ఇతర ప్రాంతాలతో ఉన్న సంబంధాలను వివరించగలుగుతారు.
3. తెలుగు దేశంలో సుగంధద్రవ్యాల వర్తకానికి ఉన్న శాసన, సాహిత్య ఆధారాలను పేర్కొనగలుగుతారు.
4. సుగంధం వెనుక ఉన్న శ్రమను, సామాజిక అంతరాలను చర్చించగలుగుతారు.

1. ప్రస్తావన

శాసనాలు, నాణేలు, కట్టడాలు, యాత్రికుల రచనలు చరిత్ర రచనకు ఎలా ఉపయోగపడతాయో మీకు తెలుసు. అవన్నీ కంటితో చూసేవి, చదివేవి. అయితే గతంలోని మనుషులు మనలాగే వాసన కూడా చూశారు. పెళ్లిలో గంధం పూశారు. గుడిలో ధూపం వేశారు. చనిపోయినవారి పక్కన సాంబ్రాణి వెలిగించారు. ఈ అనుభవాన్నంతా వదిలేసి రాసిన సాంఘిక చరిత్ర అసంపూర్ణంగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాసన నిలవదు. 1591లో నిర్మించిన చార్మినారు రాళ్లను మీరు ఇవాళ చేత్తో తాకవచ్చు. ఆ ఏడాది ఆ వీధుల్లో వీచిన వాసనను మాత్రం ఏ వస్తు ప్రదర్శనశాలా మనకు చూపలేదు.

మరి చరిత్ర విద్యార్థి ఏం చేయాలి? ఈ పాఠం ఒక పద్ధతిని సూచిస్తుంది. హైదరాబాదు పాతబస్తీ అత్తరు దుకాణాల్లో ఇప్పటికీ దొరికే మజ్మువా అనే అత్తరును తీసుకుందాం. దానిని ఒంటికి రాసుకుని, అందులోని వాసనలను ఒక్కొక్కటిగా గుర్తిద్దాం. ఒక్కోదాన్ని మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు తయారు చేశారు? ఎవరు ధరించారు? జవాబులను లిఖిత ఆధారాలలో వెతుకుదాం. ఈ పద్ధతిలో వాసన పని ప్రశ్నలను పుట్టించడం. రుజువు చేసే పని ఇతర ఆధారాలది. ఈ తేడాను పాఠం పొడవునా గుర్తుంచుకోండి.

2. పచ్చి పూల పరిమళం అంటే ఏమిటి?

పూల వాసనల్లో రకాలు ఉన్నాయి. మల్లెపూవుది తియ్యటి వాసన. మొగలిరేకుది వేరు, అందులో తీపితో పాటు ఆకు నలిపినప్పుడు వచ్చే పచ్చిదనం ఉంటుంది. కోసిన గడ్డి, నలిపిన కొత్తిమీర, తడిసిన వేరు గుర్తుకు తెచ్చే ఈ గుణాన్నే పరిమళకారులు 'పచ్చి వాసన' అంటారు. ఆకును కోసినప్పుడు మొక్క విడుదల చేసే కొన్ని రసాయనాలే కోసిన గడ్డి వాసనకు కారణం.

పాశ్చాత్య దేశాలలో ఈ తరహాకు పేరు తెచ్చినది 1947లో ఫ్రాన్స్‌లో జెర్మెయిన్ సెలియె అనే మహిళ రూపొందించిన 'వాన్ వేర్'. ఆ పేరుకు పచ్చని గాలి అని అర్థం. ఇరాన్ వైపు కొండల్లో పెరిగే మొక్క నుంచి వచ్చే గాల్బనమ్ అనే జిగురు అందులో ముఖ్య దినుసు.

కాని పూవును, ఆకును కలపడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. మల్లెలతో, కనకాంబరాలతో పాటు మరువం, దవనం కలిపి కట్టిన మాలను మనం కదంబం అంటాం. మరువానికి, దవనానికి చెప్పుకోదగ్గ పూలు లేవు. వాటిని మాలలో కట్టేది ఆకు వాసన కోసమే. అంటే సీసాతో పనిలేకుండా, దారంతో, చేతి వేళ్లతో తయారైన పచ్చి పూల పరిమళం అది. కదంబం అంటే కలయిక. అరబ్బీ నుంచి వచ్చిన మజ్మువా అనే మాటకు కూడా సమకూర్చినది, సంకలనం అనే అర్థం. రెండు భాషలు ఒకే ఆలోచనకు రెండు పేర్లు పెట్టాయి.

మజ్మువాలో సాధారణంగా నాలుగు సారాలు ఉంటాయి: మొగలి, వట్టివేరు, మట్టి, కడిమి పూవు. పాళ్లు తయారీదారుని బట్టి మారతాయి.

3. ఒక పరిశీలన

రంగారెడ్డి జిల్లా జల్‌పల్లిలో ఒక ఆషాఢ మాసపు ఉదయం నేను చేసిన పరిశీలనను ఇక్కడ నమూనాగా ఇస్తున్నాను. ముంజేతి లోపలి వైపు ఒక చుక్క, ఉతికిన నూలు చేతిరుమాలు మీద మరొక చుక్క రాసి, గంటల వారీగా రాసుకున్నాను.

ఉదయం 7 గంటలకు మొగలి ఒక్కటే మాట్లాడింది. ముక్కును పొడిచేంత ఘాటు, తేనె తీపి, దాని అంచున పచ్చి ఆకు. చాలామందికి ఈ దశ నచ్చదు. మరీ ఎక్కువైందని చేయి దూరంగా పెట్టుకుంటారు. 7.30కి ఆ ఘాటు తగ్గి, నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడిక గుర్తుకు వచ్చింది. చల్లగా, కొంచెం చేదుగా, వేరు వాసన. 9 గంటలకు చినుకులు పడ్డాయి. అప్పుడు వాకిట్లోని మట్టి వాసన ఏదో, చేతి మీది మట్టి వాసన ఏదో విడదీయడం కష్టమైంది. 11 గంటలకు మెత్తటి, పుప్పొడి వంటి పూల వాసన. అది కడిమిది అనుకున్నాను. మధ్యాహ్నం తరువాత చేతి మీద నూనె తీపి, చెక్క వాసన మాత్రం మిగిలాయి. రుమాలు మీద మొగలి మరునాటి ఉదయం కూడా ఉంది.

ఈ చిన్న పరిశీలన రెండు సంగతులు నేర్పుతుంది. మొదటిది, పరిమళం ఒక వస్తువు అయినా కాలంలో నడిచే వస్తువు. తొలి నిమిషానికి, ఆరో గంటకు పోలిక ఉండదు. రెండవది, ఒళ్లు, గుడ్డ, ఎండ, వాన దానిని మారుస్తాయి. అందువల్ల 'ఇది ఇలా ఉంటుంది' అని రాయకుండా, 'ఫలానా వేళ, ఫలానా చోట, నాకు ఇలా అనిపించింది' అని రాయడం సరైన పద్ధతి. యాత్రికుల రచనలను చదివేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త పాటించాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. కదంబం, మజ్మువా అనే మాటల మధ్య అర్థంలో ఉన్న పోలిక ఏమిటి?
2. పరిశీలనలో వేళను, వాతావరణాన్ని ఎందుకు నమోదు చేయాలి?

4. పొరల వెనుక ప్రాంతాలు

4.1 మొగలి: సువాసన ఎక్కువగా ఉండేది మగ మొగలి పూగుత్తికి. వానాకాలంలో అది విరివిగా పూస్తుంది. మన దేశంలో మొగలి సారానికి పేరుపడినది ఒడిశాలోని గంజాం జిల్లా తీరం. మొగలి పూవు కోసిన తరువాత త్వరగా వాసన కోల్పోతుంది కనుక, తోపుల దగ్గరే బట్టీలు పెట్టారు. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో భాగం. బరంపురంలోను, చుట్టుపక్కల ఊళ్లలోను ఇప్పటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అంటే పాతబస్తీ సీసాలోని మొదటి వాసన ఒక సరిహద్దు కథను కూడా చెబుతోంది. శివుని శాపం వల్ల మొగలి పూవు పూజకు పనికిరాదని మన పురాణ కథ. పూజకు రాని పూవు జడలోకి, బట్టల పెట్టెలోకి, బిర్యానీలో చల్లే కేవ్డా నీళ్లలోకి వచ్చింది.

4.2 వట్టివేరు: ఎండాకాలంలో తడికలుగా కట్టి నీళ్లు చల్లడం, తాగే నీటి కుండలో వేయడం మనకు పరిచితం. దీని సారం తీయడం ఓపికతో కూడిన పని. వేరు నూనెను అంత తేలికగా వదలదు కనుక గంటల తరబడి మంట ఆరకుండా చూడాలి. రాగి పాత్రల్లో తీసిన వట్టివేరు సారానికి ఆకుపచ్చ ఛాయ వస్తుంది. అది రాగి ఇచ్చిన రంగు. పచ్చి పరిమళానికి పచ్చ రంగు కూడా ఇలా తోడైంది.

4.3 మట్టి: ఉత్తర ప్రదేశ్‌లోని కనౌజ్‌లో కాల్చిన మట్టి బిళ్లలను నీటితో బట్టీ పట్టి 'మిట్టీ అత్తరు' తీస్తారు. తొలకరి వాసనపై 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పరిశోధన ప్రచురించి, దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. భారతదేశంలో ఆ వాసనను అప్పటికే అత్తరుగా తీస్తున్న సంగతిని వారు కూడా ప్రస్తావించారు. ప్రయోగశాల పేరు పెట్టక ముందే బట్టీ ఆ వాసనను పట్టుకుందన్నమాట.

4.4 కడిమి, గంధం: కడిమి లేదా కదంబ వృక్షం మన సాహిత్యంలో వానాకాలపు చెట్టు. చివరి దాకా నిలిచే చెక్క వాసన గంధపు నూనెది. సంప్రదాయ పద్ధతిలో పూల ఆవిరిని గంధపు నూనెలోకి పట్టేవారు. గంధపు చెట్టు దక్షిణ దేశపుది. కాబట్టి కనౌజ్ బట్టీకి పూలు దగ్గర దొరికినా, పునాది దక్షిణం నుంచి వెళ్లాలి. దక్కన్‌కు అత్తరు ఉత్తరం నుంచి వచ్చిందని మాత్రమే అనుకుంటే ఈ సగం కనిపించదు.

5. లిఖిత ఆధారాలు

5.1 శాసనం: కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయ శాసనం (1244-45) తప్పక గుర్తుంచుకోవలసిన ఆధారం. మోటుపల్లి ప్రస్తుతం బాపట్ల జిల్లాలో ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుంటానని గణపతిదేవుడు అందులో ప్రకటించాడు. సుంకం విధించిన సరుకుల్లో గంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, కర్పూర తైలం ఉన్నాయి. ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టునూలు వంటి సరుకుల సరసన సుగంధాలు నిలవడం చూడండి. రాజ్యానికి అవి అలంకారం మాత్రమే కాదు, ఆదాయం కూడా.

5.2 కావ్యం: శ్రీనాథుడు 'హరవిలాసము'ను అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకునికి అంకితం చేశాడు. ఆ వర్తక కుటుంబం కర్పూరం, గోవా నుంచి జవ్వాది, భోట దేశం నుంచి కస్తూరి తెప్పించినట్లు కావ్యపీఠిక చెబుతుంది. కొండవీటి కుమారగిరి రెడ్డికి 'కర్పూర వసంతరాయలు' అనే బిరుదు ఉండేది. పొగడ్తలో అతిశయోక్తి ఉండవచ్చు. అయినా ఏ సరుకు ఎక్కడిదని శ్రోతలు నమ్మేవారో దాని వల్ల తెలుస్తుంది.

5.3 శాస్త్రగ్రంథం: 6వ శతాబ్దపు వరాహమిహిరుని 'బృహత్సంహిత'లో గంధయుక్తి అనే అధ్యాయం ఉంది. 16 ద్రవ్యాల నుంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1,820 కలయికలు వస్తాయని అందులో లెక్క కట్టాడు. మీలో గణితం చదివినవారు దీనిని సరిచూసుకోవచ్చు. పరిమళాన్ని కలపడం నాటికే లెక్కకు అందిన విద్య అన్నమాట. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని 'మానసోల్లాసం' రాజభోగాలలో విలేపనాన్ని, ధూపాన్ని చేర్చింది. కాకతీయులు స్వతంత్రులు కాకముందు ఈ చాళుక్యులకు సామంతులు.

దక్కన్ సుల్తానుల కాలంలో బీజాపూర్‌లో ఇబ్రహీం ఆదిల్ షా 2 (1580-1627) కోసం 'ఇత్రె నౌరస్ షాహీ' అనే పరిమళ గ్రంథం వెలువడింది. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ భాషలో వసంతం మీద, వానాకాలం మీద, తోటల మీద కవితలు రాశాడు. మొగల్ ఆస్థానంలో అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో సుగంధశాలకు ప్రత్యేక ప్రకరణం కేటాయించాడు. గులాబీ అత్తరును కనుగొన్న ఘనతను జహంగీర్ తన ఆత్మకథలో నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకు ఇచ్చాడు.

5.4 మాటలు: భాష కూడా ఆధారమే. అత్తరు అనే మాట అరబ్బీ 'ఇత్ర్' నుంచి, జవ్వాది అరబ్బీ 'జబాద్' నుంచి వచ్చాయి. పారశీకంలో 'గుల్' అంటే పూవు, 'ఆబ్' అంటే నీరు. గులాబ్ అంటే మొదట పన్నీరు. పూవు నుంచి తీసిన నీటి పేరు మన దగ్గర పూవుకే పేరైంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
1. మోటుపల్లి శాసనంలో పేర్కొన్న సుగంధద్రవ్యాలు ఏవి?
2. కావ్యపీఠికలను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?

6. ఎవరు ధరించారు?

పరిమళం రాజుల సొత్తుగా మాత్రమే మిగిలిపోలేదు. జల్‌పల్లికి దగ్గరలోని పహాడీ షరీఫ్ కొండ మీద 13వ శతాబ్దపు సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉంది. దర్గాల ఉర్సులలో గంధాన్ని ఊరేగింపుగా తెచ్చి సమాధికి సమర్పించడం ఒక ముఖ్య ఘట్టం. తెలుగు పల్లెల్లో దానిని మతభేదం లేకుండా 'గంధం' అనే పిలుస్తారు. సింహాచలంలో వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండి, అక్షయ తృతీయ నాడు నిజరూపంలో దర్శనమిస్తాడు. కొండలు వేరు, దేవుడిని పిలిచే తీరు వేరు, అరగదీసిన చెక్క మాత్రం ఒకటే.

మద్యసారం కలపనిది కావడం వల్ల నమాజుకు వెళ్లే ముస్లింలు అత్తరును ఇష్టపడతారు. రంజాన్ నెలలో చార్మినారు చుట్టుపక్కల దుకాణాలు కిటకిటలాడతాయి. పెళ్లిలో అతిథికి అత్తరు రాయడం మర్యాద. అందుకోసం కరీంనగర్ వెండి తీగ పనివారు అత్తరుదానులు చేశారు. అత్తరు కొనలేని ఇంట్లో కదంబం మాల, సాంబ్రాణి పొగ ఆ పని చేశాయి.

7. సీసాలో కనిపించని మనుషులు

సంప్రదాయ బట్టీలో దేగ్ అనే రాగి కాగు, భప్కా అనే రాగి పాత్ర, వాటిని కలిపే వెదురు గొట్టం ఉంటాయి. కాగులో పూలు, నీరు పోసి, మూతను బంకమట్టితో మూసి మంట పెడతారు. ఆవిరి గొట్టం గుండా వెళ్లి, నీటి తొట్టిలో చల్లబడుతున్న భప్కాలోని గంధపు నూనెలో చేరుతుంది. మంట ఎక్కువైతే పూవు మాడుతుంది. తక్కువైతే ఆవిరి రాదు. పనివాడు భప్కాను చేత్తో తాకి, చప్పుడు విని మంటను సరిచేస్తాడు. ఈ జ్ఞానం ఎక్కువగా చేతి నుంచి చేతికి వచ్చింది.

తయారైన అత్తరును కుప్పీ అనే తోలు సీసాలో పోస్తారు. తోలు రంధ్రాల గుండా మిగిలిన తేమ పోతుంది, నూనె నిలుస్తుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. తోలుపని చేసే కులాలను మన సమాజం అంటరానివారిగా చూసింది, వారి వాడల వాసనను చెప్పి మరీ దూరం పెట్టింది. అదే సమాజం అతిథి మణికట్టుకు రాసిన అత్తరు పరిపక్వమైంది తోలులోనే. సువాసన, దుర్వాసన అనే విభజన ముక్కు ఒక్కటే చేసినది కాదని, అందులో కులానికి, అధికారానికి పాత్ర ఉందని దీని వల్ల గ్రహించాలి. తెల్లవారుజామున ముళ్ల మధ్య మొగలి కోసేవారి పేర్లు, దండలు కట్టే స్త్రీల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

8. ఆధునిక కాలంలో మార్పులు

1868లో విలియం పెర్కిన్ కౌమరిన్ అనే సువాసన పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేయడంతో పరిమళ చరిత్రలో కొత్త దశ మొదలైంది. తరువాత మొగలి వాసనకు ప్రధాన కారణమైన రసాయనాన్ని కూడా కృత్రిమంగా చేయగలిగారు. గంధపు చెట్టు మీద మైసూరు పాలకులు గుత్తాధిపత్యం ఉంచుకున్నారు; 1916లో మైసూరు ప్రభుత్వం గంధపు నూనె కర్మాగారం స్థాపించింది. చెట్లు తగ్గి ధర పెరిగేకొద్దీ చాలా బట్టీల్లో గంధపు నూనె స్థానాన్ని వాసన లేని పారఫిన్ నూనె ఆక్రమించింది.

దీనిని నష్టంగానే చూడాలా? చేతి విద్యకు ఇది నష్టమే. గంధపు పునాది పోతే అత్తరు చివరి గంటలు మారిపోతాయి. మరొక వైపు, రసాయనాల వల్లనే పది రూపాయల సీసా, సువాసన సబ్బు సామాన్యునికి అందాయి. ఒకప్పుడు రాజభోగమైనది కూలి డబ్బుకు దొరకడం కూడా చరిత్రే. విద్యార్థిగా మీరు రెండు వైపులనూ తూచాలి.

9. ఈ ఆధారానికి హద్దులు

మజ్మువా రాసుకున్నంత మాత్రాన మనకు గోల్కొండ వాసన తెలియదు. నేటి సీసాలోని పాళ్లు, నూనె, మొక్కల రకం 400 సంవత్సరాల క్రితంవే అని చెప్పడానికి వీలులేదు. ఒకరికి తీపిగా తోచినది మరొకరికి తలనొప్పి కావచ్చు. దుకాణదారు 'ఇది నవాబుల కాలం నాటిది' అన్న మాట వ్యాపార వాక్యం. దానిని వాంగ్మూలంగా నమోదు చేయండి, నిర్ధారణగా రాయకండి.

అయినా ఈ పని వాయిదా వేయదగినది కాదు. శాసనం రాతి మీద ఉంది, మరో వందేళ్లు ఆగుతుంది. మంటను చెవితో కొలిచే పనివాడు, మూత తీసి పాళ్లు చెప్పగలిగే పాత దుకాణదారు, మరువం ఎంత కలపాలో తెలిసిన మీ ఇంటి పెద్దావిడ అన్నేళ్లు ఆగరు. వారిని అడిగి రాసుకునే అవకాశం దూరవిద్యలో చదివే మీకు ఎక్కువ. మీరు మీ ఊళ్లోనే ఉండి చదువుతున్నారు. ఆధారం కూడా అక్కడే ఉంది.

10. సారాంశం

మజ్మువా వంటి పచ్చి పూల పరిమళంలో గంజాం మొగలి, నదీతీరపు వేరు, కనౌజ్ మట్టి, దక్షిణ దేశపు గంధం కలిశాయి. మోటుపల్లి శాసనం, హరవిలాసము, బృహత్సంహిత, మానసోల్లాసం, దక్కనీ రచనలు సుగంధం వర్తకంగా, విద్యగా, భోగంగా ఉండేదని నిరూపిస్తాయి. దర్గా గంధం, సింహాచల చందనం, ఇంటి కదంబం అది అన్ని వర్గాలకూ చేరిందని చెబుతాయి. తోలు కుప్పీ దాని వెనుక శ్రమను, అసమానతను గుర్తుచేస్తుంది. వాసన ప్రశ్న వేస్తుంది. జవాబును ఇతర ఆధారాలతో సరిచూసుకోవాలి.

11. కీలక పదాలు

మజ్మువా: పలు సారాలు కలిపిన అత్తరు.
దేగ్, భప్కా: సంప్రదాయ బట్టీలోని రాగి కాగు, ఆవిరిని పట్టే పాత్ర.
కుప్పీ: అత్తరు నిలవ చేసే తోలు సీసా.
గంధయుక్తి: పరిమళాలను కలిపే ప్రాచీన విద్య.
జవ్వాది: పునుగుపిల్లి నుంచి లభించే సుగంధద్రవ్యం.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మధ్యయుగ తెలుగు దేశంలో సుగంధద్రవ్యాల వర్తకాన్ని ఆధారాలతో వివరించండి.
2. పరిమళాన్ని చారిత్రక ఆధారంగా వాడటంలోని ప్రయోజనాలను, పరిమితులను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గంజాం మొగలి.
2. అత్తరు తయారీలో శ్రమ, కులం.

III. క్షేత్ర కృత్యం: మీ ఇంట్లో లేదా ఊళ్లో వాడే ఒక సువాసనను ఎంచుకోండి. ఉదయం నుంచి సాయంత్రం వరకు అది ఎలా మారిందో వేళలతో సహా రాయండి. దానిని తయారు చేసే, కట్టే లేదా అమ్మే ఒకరితో మాట్లాడి, వారి అనుమతితో వారి మాటల్లోనే రెండు పుటలు నమోదు చేసి మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.